ఆరో గుండ్రం

"నా మొఖం మీద గీ గీతలు తీసెయ్యి కావేరీ. గట్లని మరీ పోరిని చెయ్యకు, నలుగురు నవ్వుతరు. మీ మామ నెత్తికి జర నలుపు పెట్టు. ముక్కు పక్కన మచ్చ ఉంది సూడు, దాన్ని మాత్రం ముట్టకు. అది అచ్చొచ్చిన మచ్చ."

పొయ్యి ముందు నిలబడి జొన్నరొట్టె తడుతున్న కావేరికి అత్తగారు తిమ్మమ్మ ఫ్లెక్సీ సంగతులు అప్పజెబుతోంది. ఆదివారం మామగారు హంపయ్యకు షష్టిపూర్తి. రాయచూరులో ఇప్పుడు ఏ ఇంట్లో ఏ కార్యం జరిగినా ముందు పుట్టేది ఫ్లెక్సీ, ఆ తర్వాతే ముహూర్తం. మంటపం గుమ్మం పక్కన మనిషికంటే ఎత్తుగా నిలబెడతారు. నడుమ దంపతులు, వాళ్ల చుట్టూ గుండ్రాల్లో కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు, అందరికంటే కింది వరసలో మనవలు, మనవరాళ్లు. ఒక్కో గుండ్రం కింద ఒక్కో పేరు. తన గుండ్రం తోడల్లుడి గుండ్రం కంటే చిన్నదైందని అలిగి, విస్తరి ముందు నుంచి లేచిపోయిన అల్లుళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. అందుకే తిమ్మమ్మ అన్నీ ముందుగా చెప్పుకుంటోంది. స్టూడియో కంప్యూటరు మీద చేసేది ఎటూ కోడలే. బయట చేయిస్తే డబ్బులు అడుగుతారు, కోడలైతే ఇంకో రొట్టె కావాలా అని అడుగుతుంది.

"కింది వరుసల పిల్లలు. పెద్దదాని పిల్లలు ఇద్దరు, చిన్నదాని పిల్లలు ఇద్దరు, మన నిఖిలేశ్ ఒక్కడు. అయిదు గుండ్రాలు. నిఖిలేశును నడుమ పెట్టు. ఇంటి పేరు నిలబెట్టెటోడు."

కావేరి చెయ్యి పిండి మీద ఆగిపోయింది. ఎన్నో ఏళ్లుగా గొంతులో నానుతున్న మాట ఆ క్షణాన ఎలా బయటికి వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఆరు పెడ్త అత్తమ్మా. పాపది గూడ పెడ్త."

"ఏ పాపది?"

కోపంగా అడిగి ఉంటే కావేరికి ఇంత భయం వేసేది కాదు. తిమ్మమ్మ మొహంలో కోపం లేదు. నిజంగానే ఎవరో తెలియనట్టు కనుబొమలు పైకి లేపి చూస్తోంది.

"నా పాపది."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. చేతిలోని చాట కింద పెట్టి గొంతు తగ్గించింది. "శుభమా అని కార్యం జేస్కుంటుంటే గదేం మాటనే? అది చచ్చే పుట్టె. కండ్లు తెర్వలే, కదల్లే, మెదల్లే. గసుంటిదాన్ని ఎవరన్న లెక్కల పట్టుకుంటరా? సాలు, ఇగ ఆ మాట తియ్యకు. రొట్టె మాడుతుంది, సూడు."

రొట్టె నిజంగానే మాడింది. మాడిన రొట్టె ఆ ఇంట్లో ఎవరి కంచంలోకి పోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

పన్నెండేళ్ల కిందటి మాట. కావేరికి తల్లి లేదు. కల్మల అనే పల్లెలో తండ్రి ఒక్కడే చేను చూసుకుంటూ ఉండేవాడు, అందుకని తొలికాన్పుకు పుట్టింటికి పోయే యోగం లేకపోయింది. ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. మర్నాడు ఇంటికి తీసుకొచ్చారు. తిమ్మమ్మ మొహం ముడుచుకున్నా చెయ్యవలసినవి చేసింది, ఆ మాట దాచకూడదు. నీళ్లు కాచింది, మిరియాల చారు పెట్టింది, వీధి చివర ఉండే రంగవ్వను పిలిపించింది. రంగవ్వ రెండు కాళ్లు చాపుకుని, పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి నీళ్లు పోసింది. పాప వీధంతా వినిపించేలా ఏడ్చింది. కావేరికి వినిపించింది. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ కరెంటు పోయింది. కిటికీ దగ్గర పాపను తన తల్లి ఇల్కల్ చీర ముక్కలో పొదిగి పడుకోబెట్టి, మొగుడు వాడి పారేసిన పాత ఫోనుతో ఒక ఫోటో తీసింది. ఒక్కటే తీసింది. చీకటి పడుతోంది, రేపు తీద్దాంలే అనుకుంది. ఫోటోగ్రాఫర్ కూతురికి ఫోటోలకు కరువా అని తనలో తాను నవ్వుకుంది కూడా.

మొగుడు మహాంతేశ్ అప్పుడు ఫోటోలు తీసే పని మీద సింధనూరులో ఉన్నాడు. కాలువ కింద వరి పండించే ఆంధ్ర రైతుల ఇంట పెళ్లి, పెద్ద పని. మర్నాడు పాప పాలు తాగడం మానేసింది. ఒళ్లు పెనంలా కాలింది. "ఆస్పత్రికి పోదాం అత్తమ్మా" అంటే, "పసిపిల్లలు గట్లనే పంటరు. పచ్చి బాలింతవు, గడప దాటుతవా? వాడు రానియ్యి. మొగోడు లేంది ఆస్పత్రిల మనల్ని ఎవరు అడుగుతరు?" అంది తిమ్మమ్మ. హంపయ్య బయట అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా మగవాడేనన్న సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు, ఆయనకు అసలే తట్టలేదు. కావేరి ఫోన్ చేస్తే మహాంతేశ్ బాజాల మోతలో నుంచి అరిచాడు. "తాళి కట్టే టైముల ఫోన్ జేస్తరా ఎవరన్న? పొద్దుగాల వస్త." అన్నట్టే పొద్దున్నే వచ్చాడు. అప్పటికి పాప గుడ్డలో మూటగట్టి ఉంది.

మొదట్లో చుట్టాలతో "మూణ్ణాళ్ల పిల్ల" అన్నారు. కొన్నాళ్లకు "పుట్టిన మర్నాడే" అయింది. తర్వాత "పుట్టంగనే". నిఖిలేశ్ పుట్టేనాటికి "చచ్చే పుట్టింది" దగ్గర ఆగింది. చుట్టం ఇంటికొచ్చిన ప్రతిసారీ పాప ఆయుష్షు కాస్త తరిగింది. ఎందుకు తరిగిందో కావేరికి తెలుసు. చచ్చి పుట్టిన బిడ్డకు ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. సింధనూరు పెళ్లీ అడ్డం రాదు, మొగోడు లేంది అన్న మాటా గుర్తుకు రాదు. కానీ ఆమెను తినేస్తున్నది అది కాదు. ఇంటిల్లిపాదీ ఇన్నేళ్లు ఒకే మాట చెబుతుంటే, తను ఒక్కతే వేరే మాట పట్టుకుని ఉంటే, తనకే మతి చెడిందేమో అనిపించేది. పాప తన రొమ్ము పట్టుకున్నట్టు ఉన్న జ్ఞాపకం నిజమా, కల గన్నదా? పాలు ఇంకిపోవాలని రంగవ్వ మల్లెపూలు గుడ్డలో పెట్టి రొమ్ములకు కట్టిందే, ఆ వాసన ఇప్పటికీ ముక్కును వదల్లేదే, అదీ కలేనా? ఇప్పటికీ మల్లెపూలు తలలో పెట్టుకోదు. "ఎందుకే గంత పొగరు" అంటారు ఆడబిడ్డలు. పొగరే అనుకోనీ అని ఊరుకుంటుంది.

తీన్‌కందిల్ చౌరస్తా నుంచి లోపలికి తిరిగే సందులో 'మహాంతేశ్ డిజిటల్ స్టూడియో' ఉంది. ముందుగదిలో పీట, నీలం గుడ్డ, గొడుగు లైట్లు, మహాంతేశ్. వెనకగదిలో కంప్యూటరు, కావేరి. పొద్దున వంట, నిఖిలేశ్ బడి, మామగారికి వేన్నీళ్లు, అత్తగారి మోకాళ్లకు తైలం, ఇవన్నీ ముగించుకుని వస్తుంది. "ఇంట్ల పనైనంక స్టూడియోల జర కూసుంటది" అని మహాంతేశ్ అందరికీ చెబుతాడు. ఆ జర కూర్చోవడంలోంచే పెళ్లి ఆల్బములన్నీ బయటికి వస్తాయి. అతను ఫ్లాష్ పెట్టుకునే ఓపిక లేక, మంటపంలో ఉన్న గుడ్డి వెలుతురులోనే కెమెరాకు వెలుతురు పట్టే గుణం హెచ్చించి టకటకా తీసేస్తాడు. అలా తీస్తే ఫోటో అంతా రవ్వ పడుతుంది. పెళ్లికూతురి నల్లజుట్టు మీద, పట్టుచీర మీద ఎర్రవీ పచ్చవీ చుక్కలు, ఎవరో గుప్పెడు ఇసుక చల్లినట్టు. ఆ ఇసుక ఎత్తిపోయడం కావేరి పని. సాఫ్ట్‌వేర్లో నాయిజ్ తగ్గించే గీత ఒకటి ఉంటుంది. దాని మీది గుండీని కుడికి జరిపేకొద్దీ ఇసుక పోతుంది. ఇసుకతో పాటే ముక్కుపుడక అంచూ, కనురెప్పల వెంట్రుకలూ, చీర జరీ కూడా పోయి మనిషి మైనపుబొమ్మ అవుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే ఆ పనంతా. కస్టమర్లు చూసి, "ఎంత సాఫుగ వచ్చిందన్నా!" అంటే, "మస్తు సాఫ్ట్‌వేర్ తెప్పించిన. అంతా అదే చేస్తది" అంటాడు మహాంతేశ్. అంతా చేసే ఆ సాఫ్ట్‌వేర్ గోడ ఇవతల, మూత తియ్యని అన్నం డబ్బా పక్కన పెట్టుకుని, ఆ మాటలు వింటూ ఉంటుంది.

పోయినవాళ్ల ఫోటోలు కూడా ఆమె దగ్గరికే వస్తాయి. దినం నాటికి దండ వెయ్యడానికి ఫోటో కావాలంటూ ఫోనులో ఏదో ఒకటి తెస్తారు. మగవాళ్లవి సులువు. కుర్చీలో కూర్చుని, చేతులు తొడల మీద పెట్టుకుని, కెమెరా కోసమే చూస్తూ తీయించుకున్నవి ఇంటికి నాలుగు దొరుకుతాయి. ఆడవాళ్లవి ఎప్పుడూ గుంపు చివర దొరుకుతాయి. చేతిలో గరిటె, చంకలో మనవడు, మెడ ఇంకెవరి వైపో తిరిగి. నిలబడి ఎరుగరు, అందుకే ఒక్కరి మొహమూ తేటగా ఉండదు. "షేక్ అయింది" అంటాడు మహాంతేశ్ వాటిని చూసి. ఎంతమంది అత్తల మొహాలు, ఎంతమంది తల్లుల మొహాలు ఆ చెదిరిన గీతల్లోంచి కావేరి ఏరి తెచ్చిందో! తన బిడ్డ ఫోటో మాత్రం పాత మెమరీ కార్డు లోంచి కంప్యూటరులోకి ఎక్కించి పెట్టుకుంది, ఎప్పుడైనా తెరిచినా మొహం ఒక్కసారి చూసి మూసేస్తుంది. పని మీద కూర్చుని ఏడిస్తే ఆల్బము ఆలస్యమవుతుంది.

రొట్టె మాడిన ఆ రోజు మధ్యాహ్నం లెన్సు తుడుచుకుంటున్న మహాంతేశ్ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఇగో, ఒక మాట. ఫ్లెక్సీల పాప ఫోటో గూడ పెడ్దాం. చిన్నగనే పెడ్త. మీరు ఒక్క మాట చెప్తే అత్తమ్మ ఏమనదు."

"ఏ ఫోటో? గా షేక్ అయిన ఫోటోనా?" అన్నాడు తల ఎత్తకుండానే. "అది పగిలిపోయింది కదనే. నీ చెయ్యి వణికి మొత్తం ఖరాబైంది. గంత పెద్ద ఫ్లెక్సీ మీద ఏస్తే దయ్యం లెక్క గనవడ్తది. ఫోటోగ్రాఫర్ ఇంటి ఫ్లెక్సీల గసుంటిది ఉంటే నా ఇజ్జత్ ఉంటదా?"

ఆమె కదలకుండా అక్కడే నిలబడింది. అతనికి చిరాకేసింది. "సరే తియ్యి. సాఫు చెయ్యి. మొఖం గనవడేటట్టు చేస్తే అప్పుడు చూద్దాం."

ఎదుట నుంచి పొమ్మనడానికి అన్న మాట అది. కావేరి దాన్ని వరంలా పట్టుకుంది. మునిగిపోయేవాళ్లు ఏది దొరికితే అది పట్టుకుంటారు, దాని బలం ఎంతో చూడరు. ఫ్లెక్సీ శుక్రవారం మధ్యాహ్నానికి ప్రెస్సుకు పోవాలి. ఆ వరసలో ఐదు గుండ్రాలు పడితే ఇక ఎప్పటికీ ఐదే. మళ్లీ ఇంటి పిల్లలందరినీ ఒక్కచోట లెక్కపెట్టే రోజు ఎప్పుడొస్తుంది? ఆ ఫోటోలే ఫోనుల్లో తిరుగుతాయి, ఆ లెక్కే నిఖిలేశ్ తన పిల్లలకు చెబుతాడు. తను పోయాక పాప ఉండేదని చెప్పే నోరు ఈ భూమ్మీద ఒక్కటీ మిగలదు.

ఎవరిదో సీమంతం ఆల్బము పక్కకు జరిపి పాప ఫోటో తెరిచింది. తెర నిండా ఇసుక. ఆ ఇసుక కింద చిన్న మొహం. నోటి మీదా గడ్డం మీదా తెల్లగా చెదిరిన మరక ఒకటి, పాలు ఒలికి తుడిచినట్టు. ఎడమ చెవి మాత్రం తెలుస్తోంది. పైఅంచు లోపలికి మడత పడిన చెవి. అచ్చం మహాంతేశ్ చెవి. రంగవ్వ నీళ్లు పోస్తూ ఆ చెవి పట్టుకుని, "నాయిన ముద్ర ఏస్కొని వచ్చింది సూడు" అని నవ్వింది. కావేరి గుండీని కొంచెం కుడికి జరిపింది. ఇసుక తగ్గింది, చెవి మడత కూడా కరగబోయింది. చప్పున వెనక్కి లాగింది. షార్ప్‌నెస్ పెంచింది, మొహం మీద గరుకు లేచింది. షేక్ తీసే పనిముట్టు తిప్పి చూసింది. చెయ్యి ఎటు వణికితే ఆ దిక్కును లెక్కగట్టి అది ఫోటోను వెనక్కి లాగాలి. ఎంత తిప్పినా ఆ తెల్లమరక కదలలేదు, మొహమే రెండుగా కనిపించింది. వందల మంది పరాయివాళ్ల మొహాలు తేటపరిచిన చెయ్యి, కడుపున పుట్టిన దాని మొహం దగ్గర చేతగానిదైపోయింది. నా చెయ్యి ఎందుకు వణికింది, ఆ ఒక్క క్షణం కుదురుగా పట్టుకోలేకపోయానా అని తనను తాను తిట్టుకుంది. బల్ల అంచుకు నుదురు ఆనించుకుని, ముందుగదిలోకి వినపడకుండా కొంగు కుక్కుకుని ఏడ్చింది.

శుక్రవారం పొద్దున వచ్చేసరికి ఇక మిగిలింది ఒక్కటే దారి. సాఫ్ట్‌వేర్లో ఈ మధ్య ఒక కొత్త బటన్ వచ్చింది. చెదిరిన మొహం ఇస్తే అదే ఊహించుకుని తేట మొహం గీసి ఇస్తుంది. లక్షల మొహాలు చూసి నేర్చుకుందట. పోయినవాళ్ల ఫోటోలకు కావేరి దాన్ని వాడదు. ఒకసారి వాడితే, "మా అమ్మ గిట్ల లేకుండె" అని ఒక కూతురు భోరుమంది. ఇప్పుడు ఆ బటనే నొక్కింది. తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగింది.

పాప వచ్చింది.

ఇసుక లేదు. మరక లేదు. బూరె బుగ్గలు, గులాబీ పెదవులు, మూసిన రెప్పలు, గడ్డం కింద ముడుచుకున్న బుజ్జి పిడికిలి. కావేరి నోట్లోంచి తెలియకుండానే చిన్న కేక వచ్చింది. చూపుడువేలితో తెర మీద ఆ బుగ్గ తాకింది. నా తల్లీ అనుకుంది. ఆ సంతోషంతోనే కళ్లు చెవి మీదికి పోయాయి. చెవి మడత లేదు. గుండ్రంగా, చక్కగా, నలుగురి చెవిలా ఉంది. పెదవులు చూసింది. ఎవరి పెదవులో. నుదురు ఎవరిదో. ఏ క్యాలెండరులో పెట్టినా సరిపోయే బిడ్డ, ఏ ఇంటి బిడ్డా కాదు. మళ్లీ నొక్కింది. ఇంకో బిడ్డ వచ్చింది. మళ్లీ నొక్కితే మరో బిడ్డ. అందరూ బాగున్నారు, అందరూ కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నారు. ఈ మొహాలు ఒకదాని మీద ఒకటి పడి, ఇన్నేళ్లు రెప్పల వెనక దాచుకున్న మొహం తనకే జారిపోతోంది. కళ్లు మూసుకుని వెతికింది. గులాబీ పెదవులే వచ్చాయి. కంప్యూటరు ఆపేసి బజార్లోకి పరిగెత్తాలనిపించింది. కానీ మధ్యాహ్నం ప్రెస్సుకు పంపాలి. పోనీ ఇదే పెడితే? అసలు లేకపోవడం కంటే ఎవరో ఒకరు ఉండటం నయం కాదా? చూసేవాళ్లకేం తెలుస్తుంది? మొదటి బిడ్డనే మళ్లీ తెరిచి, దాని వంక చూస్తూ కూర్చుంది.

మహాంతేశ్ ఎప్పుడు వచ్చాడో, వెనక నిలబడి ఉన్నాడు.

"అగో! వచ్చింది కద!" అన్నాడు. కుర్చీ వీపు పట్టుకుని తెర మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. గొంతు మెత్తబడింది. "గిట్లనే ఉండె కావేరీ. అచ్చం గిట్లనే ఉండె బిడ్డ."

కావేరి తల తిప్పింది. అతని చెవి ఆమె కళ్లకు జానెడు దూరంలో ఉంది. పైఅంచు లోపలికి మడత పడిన చెవి.

"మీరు ఎప్పుడు చూసినరు?"

"ఏంది?"

"గిట్లనే ఉండె అంటున్నరు కదా. పాపను ఎప్పుడు చూసినరు?"

"గదేం మాట? పొద్దుగాల వచ్చినంక చూడలేదా..." అని ఆగాడు. గుడ్డలో మూటగట్టి ఉన్నదాన్ని తండ్రీకొడుకులు ఎత్తుకుని పోయారు, విప్పి చూడలేదు. ఆ సంగతి అతనికీ గుర్తొచ్చినట్టుంది, కళ్లు పక్కకు తిప్పుకున్నాడు. "పాత కతలెందుకు ఇప్పుడు? మంచిగ వచ్చింది. ఓ మూలకు పెట్టు. అమ్మకు నేను చెప్త తియ్యి" అని, పెద్ద మేలు చేసినవాడిలా ఆమె భుజం తట్టి టీకి వెళ్లాడు.

అడిగింది దొరికింది. ఆరో గుండ్రం దొరికింది. అందులో కూర్చోబెట్టాల్సింది మాత్రం ఎవరి బిడ్డనో. కావేరికి ఏడుపు కూడా రాలేదు. పన్నెండేళ్లు ఆమె ఒకటే అనుకుంటూ వచ్చింది. వాళ్లు మరిచిపోయారు, గుర్తు చెయ్యాలి అని. మరిచిపోవడానికి ముందు చూసి ఉండాలి కదా. అత్తగారు ఆడపిల్ల అని ఒకసారి చూసి మొహం ముడుచుకుంది. ఆ ఇంట్లో పాపను కళ్లారా చూసుకున్నది తను ఒక్కతే, వాళ్లకు ఏ బిడ్డను చూపించినా గిట్లనే ఉండె అంటారు. తను ఇన్నాళ్లు ఎవరి ముందు చెయ్యి చాచిందో అప్పుడు తెలిసింది.

బొమ్మబిడ్డను మూసేసి అసలు ఫోటో తెరిచింది. ఈసారి ఏదీ సాఫు చెయ్యాలని కాదు, ఊరికే చూసుకోవాలని. రంగురంగుల చుక్కలు మాత్రం కొంచెం తగ్గించింది. మిగతా ఇసుకను ముట్టుకోలేదు. ఇన్నేళ్లూ ఎప్పుడు తెరిచినా కళ్లు ఆ మొహం దాటి పోలేదు. ఇప్పుడు మొదటిసారి మొహం చుట్టూ చూసింది. పాపను పొదిగిన చీర ముక్క. తన తల్లి కట్టిన ఇల్కల్ చీర, ఎర్రని అంచు. పెద్దది చేసి చూసింది. అంచులోని సన్నగీతలు దువ్వెన పళ్లలా దేనికది విడిగా, తేటగా ఉన్నాయి. ఒక్క గీత కూడా చెదరలేదు.

కావేరి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

చెయ్యి వణికితే అంతా చెదురుతుంది. చీర, చాప, కిటికీ, మొహం, అన్నీ ఒకే దిక్కుకు చెదురుతాయి. రోజూ చూసే సంగతి ఇది. చీర నిలిచి ఉంది. చాప నారలు నిలిచి ఉన్నాయి. చెవి మడత నిలిచి ఉంది. చెదిరింది ఒక్కటే, నోటి మీది ఆ తెల్లమరక. అది మరక కాదు. ఇంకా పెద్దది చేసింది. మరక చివర ఐదు సన్నని వెలుగు గీతలు విడిపోయి ఉన్నాయి. ఐదు వేళ్లు. గుడ్డలోంచి బయటికి వచ్చి, నోటి దగ్గరి నుంచి పక్కకు ఊగిన చెయ్యి. ఒక్కసారిగా ఆ సాయంత్రం మొత్తం తిరిగి వచ్చింది. చీకటి పడుతోందని ఫోనును కిటికీ గట్టుకు ఆనించి పట్టుకుంది. ఊపిరి బిగపట్టింది. నొక్కే క్షణాన పాప ఆవులించి చెయ్యి విసిరింది. అప్పుడు తను నవ్వింది. ఉండవే తల్లీ, ఒక్క నిమిషం కుదురుగా ఉండవే అని పైకే అంది.

నా చెయ్యి వణకలేదు. మొదటిసారి ఆ మాట నోటితో పలికింది. కండ్లు తెర్వలే, కదల్లే, మెదల్లే అన్నారు. నీ చెయ్యి వణికింది అన్నారు. రెండూ నమ్మింది. ఇప్పటిదాకా దేన్ని తీసెయ్యాలని ఆమె ఒళ్లు హూనం చేసుకుందో, అదే పాప బతికిన బతుకు. సాఫు చేసిన ప్రతిసారీ ఆ చెయ్యిని తనే చెరిపేసింది, అత్తగారి మాటను తన చేత్తో తనే నిజం చేసింది. కడుపులోంచి తన్నుకొచ్చిన ఏడుపును ఈసారి కొంగుతో కుక్కుకోలేదు. ముందుగదిలో ఎవరో, "లోపల ఏమైందన్నా?" అని అడిగారు. టీ తాగి వచ్చిన మహాంతేశ్, "ఏం లేదు, సిస్టం ముందు కూసొని కండ్లు మండుతున్నయి" అన్నాడు.

కళ్లు తుడుచుకుని ఫ్లెక్సీ ఫైలు తెరిచింది. తిమ్మమ్మ గీతలు తీసింది, మచ్చ ఉంచింది. హంపయ్య తలకు జర నలుపు పెట్టింది. కింది వరసలో వయసు ప్రకారం పెట్టాలి, మనవలందరిలో ముందు పుట్టింది పాపే కాబట్టి మొదటి గుండ్రం ఖాళీ చేసి, మిగతా ఐదింటినీ పక్కకు జరిపింది. నిఖిలేశ్ నడుమ నుంచి తప్పుకున్నాడు. ఖాళీ అయిన చోట పాపను పెట్టింది. ఇసుకతో సహా, ఊగుతున్న చెయ్యితో సహా. పేరు పెట్టేదాకా ఎవరూ ఆగలేదు గనక కింద 'పాప' అని రాసి, ఆ ఫైలునే ప్రెస్సుకు పంపింది.

ఆదివారం మంటపం గుమ్మం పక్కన ఫ్లెక్సీ నిలబెట్టారు. పట్టుచీరలో దిగిన తిమ్మమ్మ ముందు తన మొహమే చూసుకుంది. గీతలు లేవు, మచ్చ ఉంది. మురిసిపోయింది. అల్లుళ్లు తమ గుండ్రాలు కొలుచుకుని తృప్తిపడ్డారు. మహాంతేశ్ కెమెరా మెడకు తగిలించుకుని వచ్చాడు, కింది వరస చూశాడు, మొహం పాలిపోయింది. కుంకుమ పళ్లెం పట్టుకుని పోతున్న కావేరికి ఎదురొచ్చి పళ్ల మధ్య నుంచి, "నేను సరే అన్నది గది కాదు" అన్నాడు.

"ఎరుకే" అంది కావేరి.

చిన్నాడబిడ్డ అత్తగారు ఫ్లెక్సీ ముందు ఆగి కళ్లు చికిలించింది. ఆమె వెనక నలుగురు ఆడవాళ్లు ఆగారు. వాళ్లలో రంగవ్వ కూడా ఉంది. ఇన్నేళ్లూ నోరు విప్పని ముసలమ్మ ఆ చెవి వంకే చూస్తూ నిలబడింది.

"గిదెవరు తిమ్మమ్మా? గిట్ల మసక మసక ఉంది?"

తిమ్మమ్మ అప్పుడు చూసింది. పట్టుకొంగు సర్దుకుని నవ్వు తెచ్చుకుంది. "ప్రింటుల ఏదో తప్పు పడ్డట్టుంది వదినా. కావేరీ! ఇటు రాయె. ఏందే గిది? తప్పు పడ్డదని చెప్పు అందరికి. చెప్పు."

కావేరి కుంకుమ పళ్లెం పక్క బల్ల మీద పెట్టి వచ్చింది. గొంతు వణుకుతుందేమో అనుకుంది. వణకలేదు.

"తప్పు గాదు అత్తమ్మా. మీ పెద్ద మనవరాలు. పుట్టిన మర్నాడు పొద్దుగూకంగ నేనే తీసిన. చెయ్యి ఆడిస్తుండె, అందుకే గంతమందం చెదిరింది."